వ్యాపారస్తురాలి గొంతు

తిర్ నెల, 19

ముందుగా క్షమాపణలు. ఈ పుస్తకంలో ఇకమీదట దొర్లబోయే తిట్లకూ, శాపనార్థాలకూ గాను గొండార్ పురప్రజలకూ, సమస్త వైద్యలోకానికీ, పవిత్ర చర్చికీ, మా మామయ్య ఫిడేలుకూ సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. అందరికంటే ముందు సర్జన్ డాక్టర్ మొల్లాగారికి. ఇవాళ పొద్దున్న ఆయన్ని ఆయన గదిలోనే గాడిద అన్నాను. వినపడలేదేమోనని మళ్ళీ అన్నాను. బల్ల గుద్దాను. ఆయన పెన్ను దొర్లి కిందపడితే తీసివ్వలేదు. స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ పుచ్చుకున్నవాడు చేయదగిన పని కాదు. సిగ్గుతో తల వంచుకుని రాస్తున్నాను. తల వంచకుండా రాయడం ఎలాగూ కుదరదు.

కారణం అమ్మ మెడ.

పండగకు ముందునుంచే అమ్మ చిక్కిపోతోంది. ఇద్దరి ఇంజెరా రొట్టె ఒక్కతే తింటూ చిక్కిపోతోంది. ఇంత చలిలో చెమటలు. కూర్చున్నచోటే గుండెదడ. చేతుల వణుకు. ఊరికే కోపం. మొన్న ఒక ఈగను తిట్టింది, అదీ ప్రాసతో. చిన్నప్పుడు పొడిపించిన పచ్చబొట్టు అమ్మ మెడచుట్టూ ఐదు వరసలుంటుంది. అది ఉన్న మెడలో గడ్డ లేవదని మావాళ్ళ నమ్మకం. గడ్డ సరిగ్గా మూడో వరస కిందే లేచింది. దానికి మా నమ్మకాల సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

డాక్టర్ మొల్లా చూశాడు. కాన్సర్ కాదు, కానీ థైరాయిడ్‌లో ఈ గడ్డ విపరీతంగా పనిచేస్తోంది, ఒళ్ళంతా పరుగు దానివల్లే, సగం గ్రంథి కోసి తీసేద్దాం అన్నాడు. మరి గొంతు అని అడిగాను. గొంతు నరం పక్కనే ఉంటుంది, నూటికి ఒకరిద్దరికి బొంగురుపోయి అలాగే ఉండిపోవచ్చు అన్నాడు. ఇంతకీ అమ్మగారు ఏం చేస్తుంటారు అని అడిగాడు.

చిన్న వ్యాపారం అన్నాను.

అయితే ఇంకేమయ్యా, వ్యాపారానికి లెక్కలొస్తే చాలు, గొంతుతో పనేముంది అని నవ్వాడు.

అప్పుడన్నాను, గాడిద అని.

మా అమ్మ వుబాలెం ఏనాడూ వ్యాపారం చేసి ఎరగదు. ఆమె అజ్మారి. జనం తాగేచోట పాడే మనిషి. ఆమె పాడుతుంటే ఆమె తమ్ముడు, మా చెకొలె మామయ్య, ఒంటితీగ మసింకో వాయిస్తాడు. మా ముందు గదిలో తేనెకల్లు, వెనక గదిలో మా పడకలు. వచ్చినవాడు ఒక లైను చెప్పి, అందుకో అంటాడు. అమ్మ దాన్ని అందుకుని రాగంలో పెట్టి తిరిగి పాడాలి, పైన తనదొకటి తగిలించాలి. నచ్చితే లైనిచ్చినవాడు లేచి అమ్మ నుదుటిమీద నోటు అతికిస్తాడు. లైను ఎంత చెత్తదైనా సరే, అందుకోకుండా నేలమీద వదిలిన రోజు లేదు. లైను రానిదే తనంతట తాను నోరు తెరవదు కూడా. అది మా అమ్మమ్మ పెట్టిన పద్ధతి, అమ్మకు అది బైబిలు తరవాతది. ఆ గొంతే మా బియ్యం, ఉప్పు, నా డిగ్రీ.

మరి వ్యాపారం అని ఎందుకన్నాను? యూనివర్సిటీలో నాలుగేళ్ళూ అదే చెప్పాను. అజ్మారి కొడుకునంటే ముందు నవ్వుతారు, తరవాత ఏదీ ఓ పాట అంటారు, ఆ తరవాత వాళ్ళ చెల్లెళ్ళను లోపలికి పంపేస్తారు. నోరు అలవాటుపడిపోయింది.

అమ్మ పక్క కుర్చీలోనే కూర్చుని అంతా వింది. ఇంటి గుమ్మం దాటుతూ అంది: అయితే నాయనా దెస్సె, మన వ్యాపారం ఎలా సాగుతోంది? లాభమా, నష్టమా?

తిర్ 20

కాఫీ కప్పు అమ్మ చేతిలో పళ్ళేనికి తగిలి టకటకలాడింది. బేరం కుదరడం లేదు బాబూ, అంది.

తిర్ 27

ఇంట్లో యుద్ధం.

మందుల షాపులో ఒక మాట విన్నాను. అడిస్ అబాబాలో డాక్టర్ సోస్నా అని ఒకావిడ ఉందట, ఎక్కడో కొరియా దాకా వెళ్ళి నేర్చుకుని వచ్చిందట, కోయకుండా సూదితోనే ఇలాంటి గడ్డల పని పడుతుందట. ఇంటికొచ్చి చెప్పాను. చెకొలె మామయ్య మసింకో కమాను కిందపెట్టి, సూదట సూది, అక్క మెడేమైనా చిరిగిన దుప్పటా అన్నాడు. ఇది దిష్టి అన్నాడు. పండగనాడు అంత గొప్పగా పాడితే తగలదా, ఆ ఎర్రకళ్ళ లారీ డ్రైవరు కన్నార్పకుండా చూశాడు, నేను చూస్తూనే ఉన్నాను అన్నాడు. వాడు తాగి కళ్ళు తెరిచే నిద్రపోయాడు మామయ్యా అన్నాను. కొండమీద చర్చిలో తీర్థం పోయిస్తే వారంలో దిగుతుంది, నువ్వు చదివిన లెక్కల్లో అది ఉండదులే అన్నాడు.

ఆ మసింకోను మోకాలికేసి రెండు ముక్కలు చేస్తానని చెప్పాను. తీగ ఒక్కటే కాబట్టి తెగడానికి ఎక్కువసేపు పట్టదని కూడా చెప్పాను. మామయ్య హడలిపోయాడు. ఈ విషయమై మసింకోకు ముందే క్షమాపణ చెప్పి ఉన్నాను.

అమ్మ ఇద్దరి మాటా విని చివరికి తీర్పు చెప్పింది. సూదావిడ దగ్గరికి వెళ్దాం, కానీ ఒకటి, నా పనేంటని ఎవరడిగినా నేను చెప్పను, వీడే చెప్పాలి, వీడి నోటితో వీడు చెప్పేదాకా నేను వ్యాపారస్తురాలినే. అన్నాక మామయ్య వైపు తిరిగి, నువ్వు నా గుమాస్తావి అంది.

యెకాతిత్ 6, అడిస్ అబాబా

నిన్న పగలంతా బస్సు. అమ్మ కిటికీ తెరిచింది, బస్సంతా చలి అని అరిచారు, అమ్మ అందరినీ తిరిగి అరిచింది. గడ్డ అరుస్తోంది, నువ్వు కాదు అని సర్దిచెప్పాను. గడ్డకు నీకన్నా ధైర్యం ఎక్కువ అంది.

డాక్టర్ సోస్నా సన్నగా, పొట్టిగా, పెద్ద కళ్ళద్దాలతో ఉంది. స్కాన్ తీయించింది. బొమ్మలో గ్రంథి అంతా చీకటి, గడ్డ ఒక్కటే నిప్పుకణిక. ఆవిడ చెప్పింది: అమ్మా, గ్రంథి మెదడు చెప్పినంత పనే చేయాలి, ఈ గడ్డ మాత్రం ఎవరి మాటా వినకుండా పగలూ రాత్రీ పనిచేస్తోంది. అచ్చం మా తమ్ముడే, అంది అమ్మ, కాకపోతే వాడు పనిచేయడు.

దారులు చాలా ఉన్నాయట. మాత్రలు వేగం తగ్గిస్తాయి, మానేస్తే మళ్ళీ మొదలు. ఆపరేషన్ చాలామందికి మంచిదే, గొంతుకు ఆ కొద్దిపాటి ప్రమాదం తప్ప. అణుధార్మిక అయోడిన్ మందు తాగించడం పాత పద్ధతి, బాగా పనిచేస్తుంది, కానీ ఆ మందు దేశంలోకి ఎప్పుడొస్తుందో ఇప్పుడెవరూ చెప్పలేరు. నీటిబుడగల్లాంటి గడ్డలైతే సూదితో ఆల్కహాల్ ఎక్కించి మాడుస్తారు, అమ్మది గట్టి గడ్డ, అంతగా పనిచేయదు. అమ్మకు నవ్వాగలేదు. నలభై ఏళ్ళు ఊరంతా తాగుతుంటే చూస్తూ ఊరుకున్నాను, ఇప్పుడు తిన్నగా మెడలోకే పోస్తారా అంది. డాక్టరమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అర్థమైనట్టు కనపడకుండా గోడమీద పటం చూశాను.

ఇక చివరిది. మెడకు మాత్రమే మత్తిచ్చి, సూదిని గడ్డలోకి పంపి, దాని మొనను వేడెక్కించి గడ్డను లోపలే కాల్చడం. కోత లేదు, కుట్లు లేవు. గడ్డ నిమ్మకాయంత కూడా లేదు కాబట్టి ఆశ బాగానే ఉందట. నెలల మీద కరుగుతుంది, ఒకసారికి లొంగకపోతే రెండోసారి చేయాలి. గొంతు నరానికి వేడి తగిలే ప్రమాదం తక్కువే, లేదని మాత్రం నేననను అంది. అందుకే మీరు మెలకువగా ఉంటారు, మధ్యమధ్య ఆగి మీ గొంతు వింటాను, గొంతు మారితే అక్కడితో ఆపేస్తాను అంది.

వింటారా అంది అమ్మ. శాలువా సర్దుకుంది. నడుం నిటారైంది. మా ముందు గదిలో పెద్దమనిషి ఎవరైనా వచ్చి కూర్చుంటే అలాగే సర్దుకుంటుంది.

అప్పుడు డాక్టర్ సోస్నా అడిగింది, మీరేం చేస్తుంటారమ్మా అని. అమ్మ నా వైపు చూసింది. గది గదంతా నా వైపు చూసింది. కుర్చీ కూడా చూసింది.

చిన్న వ్యాపారం, అంది అమ్మ చివరికి. మావాడు చెప్పాడు.

సరే, మందులు రాస్తాను, గుండె వేగం దిగాక చేద్దాం అంది డాక్టరమ్మ. మీ అబ్బాయి చాలా నెమ్మదస్తుడిలా ఉన్నాడే అంది. పుట్టి ఒక్కసారైనా గొంతెత్తలేదమ్మా, మీరు రోడ్డుమీద కూర్చోమన్నా సరే అనే కూర్చుంటాడు అంది అమ్మ.

ఈ అపవాదుకు పుస్తకంలో జవాబిస్తాను. ఇవాళ కాదు.

యెకాతిత్ 22

మాత్రలు మానేసింది!

కొండమీదికి మామయ్య తీసుకెళ్ళాడు. తీర్థం పోయించాడు. నమ్మకమున్న మనిషి మాత్ర మింగితే దేవుడికి కోపం రాదా అన్నాడట. పైగా ఫాదర్‌గారు అన్నారన్నాడట. నేను వెళ్ళి ఫాదర్‌ను అడిగాను. నేనెందుకంటాను బాబూ, మాత్రలు కూడా దేవుడిచ్చినవే, వేసుకుని రమ్మనే చెప్పాను అన్నాడు. అంటే దేవుడి తరఫున మాట్లాడింది మామయ్య. ఫాదర్‌గారి తరఫునా మామయ్యే. డాక్టర్ సోస్నా తరఫున కూడా ఓ మాట అనేసి ఉంటే పని పూర్తయ్యేది.

అమ్మను అడిగితే, సూది అంటే భయమేసింది రా, తీర్థం చల్లగా ఉంది అంది. దానికి నా దగ్గర తిట్టు లేదు. మామయ్య కోసం దాచుకున్నవన్నీ మామయ్యకే ఇచ్చాను. గుమ్మంలో నిలబెట్టి, వీధంతా వినేలా. ముగ్గురు గుమిగూడారు. ఒక మేక కూడా.

యెకాతిత్ 24

అమ్మ గుండె తలుపు బాదుతున్నట్టు కొట్టుకుంటోంది. పక్కన కూర్చుంటే నాకు వినపడుతోంది. ఇక్కడి ఆసుపత్రిలో రెండు రోజులుగా ఉంచుకున్నారు. డాక్టర్ మొల్లానే వచ్చి దగ్గరుండి చూసుకున్నాడు, అర్ధాంతరంగా మందులాపితే ఇంతే అని మెత్తగానే చెప్పాడు. నన్ను గుర్తుపట్టి, పెన్ను కావాలా బాబూ అని అడిగాడు. నేను ఆయన్ని అన్న మాటలకు ఆయన ఇంత మర్యాదగా ఉండటం అనుమానాస్పదంగా ఉంది.

ఫోన్‌లో డాక్టర్ సోస్నా అరిచింది. సూది తేదీ వాయిదా. మామయ్య వరండాలో కూర్చుని ఏడ్చాడు. ఏడుస్తూ, గొంతు పోతే నా వాయిద్యం ఎవరికి రా అన్నాడు. కోపం తెచ్చుకోవడానికి ఎంత ప్రయత్నించినా రాలేదు. అదింకా పెద్ద కోపం తెప్పించింది.

యెకాతిత్ 25

పెద్ద ఉపవాసాలు మొదలు. అజ్మారి ఇళ్ళన్నీ మూత. మసింకో గోడకెక్కింది. ఈస్టరుకి తలుపులు తెరిచేనాటికి అమ్మ పాడాలి. లేదంటే ఈ ముందు గదిలో నిజంగానే వ్యాపారం పెట్టాలి.

మెగాబిత్ 9

మాత్రలు నేనే లెక్కపెట్టి ఇస్తున్నాను. నోరు తెరిచి చూపించమంటే నాలుక బయటపెట్టి వెక్కిరించింది.

మెగాబిత్ 24, అడిస్ అబాబా

రేపే.

సత్రంలో అమ్మ జుట్టుకు ఎప్పటిలా వెన్న రాసుకోలేదు, ఉపవాసం కదా, నూనె రాసుకుంది. జడలు మామయ్య అల్లాడు. చిన్నప్పుడు అలవాటట. వంకరగా అల్లాడు. రేపు ఆ డాక్టరమ్మ ఎలాంటి లైన్లిస్తుందో చూడాలి అంది అమ్మ. చదువుకున్నవాళ్ళ లైన్లు పొడుగ్గా ఉంటాయి, మధ్యలో ఊపిరందదు అంది.

ఆవిడ లైన్లివ్వదమ్మా, ఆవిడకు నువ్వెవరో తెలియదు, అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. చెబితే, ఎందుకు తెలియదు నాయనా అంటుంది.

సరే పడుకో అన్నాను.

మెగాబిత్ 25, పొద్దున్న

లోపలికి తీసుకెళ్ళారు. మామయ్య నేలమీద కూర్చుని వేళ్ళతో మోకాలిమీద వాయిస్తున్నాడు. ఆపమన్నాను. ఆపలేదు.

మెగాబిత్ 25, మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు రాయాలి.

తలుపు సగం తెరిచే ఉంది. అమ్మ కాళ్ళూ, పక్కనుంచి మొహమూ మెడా కనపడుతున్నాయి, తెర మీద మెడలోపలి బూడిదరంగు బొమ్మ. సూది పచ్చబొట్టు మూడు నాలుగు వరసల మధ్యనుంచి దిగింది, ఒక్క చుక్క కూడా చెరపకుండా. కాసేపు బాగానే నడిచింది. తరవాత డాక్టర్ సోస్నా ఆపి, అమ్మా ఏదైనా మాట్లాడండి అంది.

అమ్మ మాట్లాడలేదు.

వినపడుతోందా అమ్మా, మీ పేరు చెప్పండి అంది. ఏమీ లేదు. ఒకటీ రెండూ అనండి అంది. అమ్మ నోరు తెరిచింది, మూసింది. డాక్టరమ్మ సూది బయటికి తీసేసింది. చల్లటి సెలైన్ తీసుకురండి, నరానికి వేడి తగిలిందేమో అంది. నర్సు పరుగెత్తింది. మామయ్య మోకాలిమీద వేళ్ళు ఆగిపోయాయి. ఆపమన్నప్పుడు ఆపనివాడు.

నాకు తెలుసు ఏం జరుగుతోందో. గొంతు వింటానంది కానీ లైను ఇవ్వలేదు. అమ్మ లైను కోసం ఎదురుచూస్తోంది. అదొక్కటే కూడా కాదు. తెరిస్తే రాకపోతే? ఆ భయంతో బిగుసుకుపోయిన మనిషి తనంతట తాను ఎలా మొదలెడుతుంది? ఈ సంగతి ఆ గదిలో ఒక్కరికీ తెలియదు. ఎందుకు తెలియదంటే, ఒకడు చెప్పలేదు కాబట్టి. ఈ పుస్తకంలో ఇప్పటిదాకా తిట్టిన తిట్లన్నీ పోగేసి వాడి నెత్తిన పోస్తున్నాను. గాడిద. ముసలి కూడా కాదు, పడుచు గాడిద.

అప్పుడు తలుపు దగ్గరనుంచి ఎవడో తలమాసినవాడు, ఆసుపత్రి అనే ఇంగితం లేకుండా, రాగం అనేది పుట్టినట్టే తెలియనివాడిలా, గొంతు చించుకుని అరిచాడు:

సూది పట్టిన తల్లీ చూసి గుచ్చు, మాకు కూడు పెట్టేది ఆ గొంతు! అందుకో!

సెలైన్ పట్టుకున్న నర్సు గుమ్మంలో నిలబడిపోయింది.

లోపల అమ్మ కాలి బొటనవేలు కదిలింది. తాళం. ఆ తరవాత వచ్చింది గొంతు. సన్నగా మొదలై, గోడలు పట్టేంత. లైను మొత్తం అందుకుని, రాగంలో పెట్టి, ఎక్కడా చెదరకుండా పాడి, పైన తనది తగిలించింది:

వ్యాపారస్తురాలి గొంతు తల్లీ, లాభం వస్తే నీకూ వంతు!

డాక్టర్ సోస్నా కళ్ళద్దాలు పైకి నెట్టుకుని ఈ తలుపు వైపు చూసింది. ఈవిడ అజ్మారి అని నాకెవరూ చెప్పరేం అంది. మామయ్య లేచి నిలబడి, గొండార్‌లో ఇలాంటి గొంతు ఇంకోటి లేదమ్మా అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు.

మళ్ళీ సూది దిగింది. ఆ తరవాత ఆగినప్పుడల్లా డాక్టరమ్మే లైనిచ్చింది. చాలా చెత్త లైన్లు. ఒకదానిలో గ్రంథి అనే మాట ఉంది. అమ్మ ఒక్కటీ వదల్లేదు. బయటికొచ్చాక మెడమీద చిన్న ప్లాస్టరు, అంతే. మొదటి మాట: ఆవిడ చెయ్యి బంగారం, కానీ ఎవరైనా ఆవిడకు ప్రాస నేర్పండ్రా.

తలమాసినవాడెవడో నేను విచారించలేదు.

మియాజ్యా 12

రక్తపరీక్ష వచ్చింది. గ్రంథి వేగం దిగుతోంది, ఇంకా పూర్తిగా కాదు, కొన్నాళ్ళు మాత్రలుండాలి, నెలల తరవాత మళ్ళీ స్కాన్. రెండోసారి సూది అవసరం పడొచ్చు, పడకపోవచ్చు. కాఫీ కప్పు పళ్ళెంలో చప్పుడు చేయకుండా కూర్చుంది. అమ్మ దాన్ని కావాలని ఒకసారి టకటకలాడించి నా మొహం చూసింది. నవ్వింది. నాకు కోపమొచ్చింది.

మియాజ్యా 21

మొదటి పేజీలో క్షమాపణలు చెప్పుకున్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఏదీ జరగలేదు. డాక్టర్ మొల్లాను గాడిద అనలేదు, సరే డాక్టరుగారూ అన్నాను, పెన్ను వంగి తీసిచ్చాను. మసింకో విరుస్తానని అనలేదు. వీధిలో మామయ్యను తిట్టలేదు, మేక మాత్రం నిజం. అందరికీ సరే అని ఇంటికొచ్చి ఇక్కడ రాసుకున్నాను.

ఒక్కటే చేశాను. ఆ తలుపు దగ్గర అరిచింది నేనే.

నిన్న ఈస్టరుకి తలుపులు తెరిచాం. గది కిక్కిరిసింది. నాతో యూనివర్సిటీలో చదివినవాళ్ళు ఇద్దరు ఓ మూల కూర్చున్నారు. అమ్మ ఎవరి లైనూ తీసుకోకుండా ముందుగా ఆసుపత్రి లైను పాడింది, పాడి ఆగింది. ఇది ఇచ్చినవాడు ఇంకా నా నుదుటిమీద నోటు అతికించలేదు, ఈ గదిలోనే ఉన్నాడు, వాడెవడో లేవాలి, అంది.

లేచాను.